బోరు నీళ్లలో యురేనియం కొలిచిన రోజులు

పీహెచ్‌డీ రెండో ఏడాదిలో నాకు అప్పజెప్పిన పని ఇది: బోరు నీళ్లలో యురేనియం ఎంతుందో యంత్రమే కొలిచేలా చేయాలి. శాంపిళ్లు కడప జిల్లావి. తుమ్మలపల్లె చుట్టుపక్కల డోలమైట్ రాతిలో యురేనియం సహజంగానే ఉంది కాబట్టి అక్కడి నీళ్లు తీసుకున్నాం.

పంపు శాంపిల్‌ని లాగి, దారిలోనే నైట్రిక్ ఆమ్లం కలిపి, యూటెవా రెజిన్ నింపిన చిన్న కాలమ్‌లోకి పంపుతుంది. యురేనియం అక్కడే ఆగిపోతుంది, కాల్షియం లాంటివి బయటికి పోతాయి. తర్వాత పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో యురేనియాన్ని దించి, యురేనియంతో కలిసి రంగు మారే ఆర్సెనాజో-3 కలిపి, డిటెక్టర్‌లో 650 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిని ఎంత పీల్చుకుందో చూస్తాం. యురేనియం ఎంతుందో ముందే తెలిసేలా మేం ల్యాబులో కలుపుకున్న స్టాండర్డ్ ద్రావణాలతో నెల రోజులు చక్కగా నడిచింది.

అసలు నీళ్లు పెట్టగానే మొదలైంది టెన్షన్. ఒక అవ్వ బోరు శాంపిల్‌కి లీటరుకు 74 మైక్రోగ్రాములు చూపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు 30, మన అణుశక్తి నియంత్రణ మండలి హద్దు 60. బాటిల్ నింపుతుంటే ఆ అవ్వ అడిగిన మాట చెవిలోనే ఉంది: "ఈ నీళ్లు తాగొచ్చా నాయనా?"

అదే శాంపిల్ మళ్లీ పెడితే 22 వచ్చింది. మూడోసారి 51. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు గ్రాఫులన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. గ్రాఫులో యురేనియం పీక్ (శిఖరం) మెల్లగా లేచి, తోక సాగదీస్తూ దిగుతుంది. వీటిలో సూదిలా నిటారుగా లేచి, అంతే వేగంగా పడిపోయేవి కూడా కలిసి ఉన్నాయి. టార్చి వేసి గొట్టం వెంబడే చూస్తూ కూర్చున్నా. నువ్వుగింజంత బుడగ ఒకటి కాలమ్‌లోంచి జారి డిటెక్టర్‌లోకి వెళ్లింది. స్క్రీన్ మీద సూది లేచింది. దాన్నీ యంత్రం యురేనియంగానే లెక్కేసింది.

ఆ నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ. రాతిలోని యురేనియం నీళ్లలో కరిగి ఉండటానికి సాయపడేది కూడా అదే. అలాంటి నీళ్లకి గొట్టంలోనే ఆమ్లం తగిలితే సోడాలా పొంగి, కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మా స్టాండర్డ్‌లలో బైకార్బొనేట్ లేదు, అందుకే ఇన్నాళ్లూ బయటపడలేదు.

ఇక ఆమ్లం కలిపే పని యంత్రం నుంచి తీసేశాను. ముందే బీకరులో కలిపి, పొంగు అణిగాక, ధ్వని తరంగాలతో నీళ్లను కదిపే అల్ట్రాసోనిక్ బాత్‌లో కాసేపు పెట్టి గ్యాస్ పోగొట్టాను. అవ్వ శాంపిల్ మూడుసార్లూ 11 దగ్గరే వచ్చింది. నమ్మకం కుదరక లీటరుకు 20 మైక్రోగ్రాముల యురేనియం అదనంగా కలిపి చూస్తే 31 చూపించింది. వేరే ల్యాబులో, యురేనియం వెలువరించే వెలుగును కొలిచే ఎల్ఈడీ ఫ్లోరీమీటర్ మీదా అవ్వ శాంపిల్‌కి దాదాపు 11 వచ్చింది.

అవ్వకి ఫోన్ చేశాను. "యురేనియం వరకూ భయం లేదవ్వా. ఫ్లోరైడ్ రిపోర్టు ఇంకా రావాలి."

"అది ఎప్పుడొస్తాది నాయనా?" అంది.