న్యూజెర్సీలో స్కూల్ బిజినెస్ అడ్మినిస్ట్రేటర్ సర్టిఫికెట్: నా అనుభవం

పెళ్లయి న్యూజెర్సీ వచ్చేటప్పటికి నా దగ్గరున్నవి గుంటూరులో చదివిన బీకాం, ఎంకాం. ఇక్కడ ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ఊరి ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) ఆఫీసులో బిల్లుల క్లర్కుగా చేరాను. బస్సు కాంట్రాక్టర్ల బిల్లులు, పిల్లల భోజనాల బిల్లులు, బాయిలర్ రిపేర్లు, అన్నీ నా చేతి మీదుగానే పోయేవి. ఐదేళ్ల తర్వాత మా బిజినెస్ అడ్మినిస్ట్రేటర్, అంటే డిస్ట్రిక్ట్ డబ్బు వ్యవహారాలన్నీ చూసే ఆఫీసరు, "ఈ పని నువ్వు చేయగలవు, సర్టిఫికెట్‌కి పెట్టుకో" అంది. అప్పటిదాకా ఆ ఊహే లేదు నాకు.

ఈ ఉద్యోగం మన డీఈఓ ఆఫీసులో అకౌంట్స్ చూడటం లాంటిది కాదు. ఇక్కడ డిస్ట్రిక్టుకో బోర్డు, దానికో బడ్జెట్. ఊరివాళ్ల ఇంటిపన్నులోంచి బడికి వచ్చే డబ్బును, కొన్ని మినహాయింపులు తప్ప, ఏడాదికి 2 శాతానికి మించి పెంచకూడదని చట్టం. ఆ గీత లోపలే జీతాలు, బస్సులు, బడి పైకప్పులు అన్నీ సర్దాలి. సర్దేవాళ్లకి రాష్ట్రం సర్టిఫికెట్ అడగడం న్యాయమేననిపిస్తుంది నాకు.

మొదట అర్హత సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. దానికి మాస్టర్స్ డిగ్రీ గానీ సీపీఏ (మన సీఏ లాంటి) లైసెన్సు గానీ ఉండాలి. దాంతోపాటు ఎకనామిక్స్, లా, అకౌంటింగ్, ఫైనాన్స్, మేనేజ్‌మెంట్, ఆర్గనైజేషనల్ థియరీ లాంటి సబ్జెక్టుల్లో 18 క్రెడిట్లు. ఎంకాం చేసినదాన్ని, ఇదెంత పని అనుకున్నాను.

ఇక్కడే ఆరు నెలలు పోయాయి. మన డిగ్రీలను ఇక్కడి లెక్కలోకి మార్చే రిపోర్టు కావాలి కదా, తక్కువ ఫీజని మామూలు రిపోర్టు తీసుకున్నాను. అందులో "మాస్టర్స్‌కి సమానం" అని ఒక్క ముక్కే ఉంటుంది, ఏ సబ్జెక్టుకి ఎన్ని క్రెడిట్లో ఉండదు. ఫైలు తిరిగొచ్చింది. సబ్జెక్టు వారీ రిపోర్టు కావాలంటే మార్కుల మెమోలతో పాటు సిలబస్ కూడా కావాలన్నారు. నాన్న మూడుసార్లు బస్సెక్కి యూనివర్సిటీకి వెళ్లారు. మొదటిసారి సెక్షన్‌లో మనిషి లేడు, రెండోసారి పాత సిలబస్ దొరకలేదు. మూడోసారి పొద్దుటినుంచీ సాయంత్రం దాకా కూర్చుని, జిరాక్సు కాపీల ప్రతి పేజీ మీదా ముద్ర వేయించుకుని వచ్చారు. "ఒక్క పేజీ కూడా వదల్లేదమ్మా" అన్నారు ఫోన్లో. కవరు విప్పి చూస్తే ముప్పై పైచిలుకు పేజీలు, అన్నిటి మీదా అదే ఊదారంగు ముద్ర.

అయినా 15 క్రెడిట్లే లెక్కకొచ్చాయి. మిగిలిన 3 క్రెడిట్లకి సాయంత్రం క్లాసుల్లో ఒక సెమిస్టర్ చదివాను. అర్హత సర్టిఫికెట్ వచ్చింది.

దాంతో ఉద్యోగం వెతుక్కోవచ్చు, అంతవరకే. ఏదైనా డిస్ట్రిక్ట్ తీసుకుంటేనే ప్రొవిజనల్, అంటే తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. ఆ తర్వాత ఏడాది రెసిడెన్సీ (ఉద్యోగం చేస్తూనే శిక్షణ), అనుభవమున్న మెంటర్ కింద పని, 135 గంటల క్లాసులు. ఒక చిన్న డిస్ట్రిక్ట్ నన్ను తీసుకుంది. మెంటర్‌గా నన్ను ఈ దారి పట్టించిన మా పాత మేడమే వచ్చింది.

నిజంగా నేర్చుకున్నది ఆ ఏడాదిలోనే. ఫిబ్రవరిలో ఒక తల్లి ఫోన్ చేసింది, తన రెండో తరగతి కొడుక్కి బస్సు లేదని. రికార్డు తీశాను. ప్రాథమిక తరగతుల పిల్లలకి ఇల్లు బడికి 2 మైళ్లు దాటితేనే బస్సు తప్పనిసరి. వాళ్లది 1.9. రూల్ ప్రకారం కుదరదని మెయిల్ రాసి, పంపేముందు మేడమ్‌కి చూపించాను. ఆవిడ చదివి, "ఆ దారి నువ్వు నడిచావా?" అని అడిగింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం నడిచాం. సగం దారి నుంచీ కాలిబాట లేదు. తవ్విపోసిన మంచు అంచున కుప్పగా ఉంది, లారీలు మోచేతికి తగిలేంత దగ్గరగా పోతున్నాయి. ఏడేళ్ల పిల్లాడు అక్కడ ఎక్కడ నిలబడతాడు? నాకు గుండె ఝల్లుమంది.

ప్రమాదకరమైన దారి అని డిస్ట్రిక్టే బస్సు వేయొచ్చు. కానీ ఆ దూరానికి రాష్ట్రం సాయం చేయదు, డబ్బు మనమే చూసుకోవాలి. రాత్రి బడ్జెట్ షీటు ముందేసుకుని కూర్చున్నాను. 11-000-270 అంటే రవాణా పద్దు. ఐదేళ్లు ఆ అంకెలు బిల్లుల మీద రాశాను గానీ, వాటి వెనక పిల్లలు కనిపించింది ఆ రాత్రే. కొత్త జిరాక్సు మెషిన్లు ఒక ఏడాది వాయిదా వేసి, బోర్డు ముందు పెట్టాను. ఒప్పుకున్నారు.

జూన్‌లో రెసిడెన్సీ అయింది, తర్వాత స్టాండర్డ్, అంటే శాశ్వత సర్టిఫికెట్ వచ్చింది. నాన్నకి ఫోటో పంపితే, "ఆ ముద్రలు పనికొచ్చాయన్నమాట" అని చాలాసేపు ఫోన్ పెట్టలేదు.

ఈ దారిలో వద్దామనుకునేవాళ్లు మొదటిరోజే సబ్జెక్టు వారీ రిపోర్టు తీసుకోండి, ఫీజు ఎక్కువైనా సరే. ఊరెళ్లినప్పుడు సిలబస్ కాపీ ముద్రలతో సహా తెచ్చుకోండి. ఆ పిల్లాడి రూట్లో సెప్టెంబర్ నుంచి బస్సు తిరుగుతోంది. పదకొండుమంది ఎక్కుతున్నారు.