మూడొందల జీబీ దాటాక

మాఘమాసం, ఆదివారం రాత్రి పదకొండున్నర. కొత్త ఎస్‌ఎస్‌డీ (చిప్పుల్లో డేటా దాచే డ్రైవ్), దాన్ని యూఎస్‌బీతో బయటి నుంచి తగిలించే డబ్బా, అదే ఎన్‌క్లోజర్, అదీ కొత్తదే. కాపీ పెట్టగానే సెకనుకు 900 ఎంబీ చూపించింది. "చూసినవా బావా, ఇగ హార్డ్ డిస్క్ రోజులు పోయినయ్" అన్నాను గొప్పగా. మేమిద్దరం హనుమకొండలో పెళ్లి వీడియోలు చేస్తాం. కెమెరాలు బావవి, ఎడిటింగ్ నాది. ఛాయ్ పెట్టుకుని వచ్చేసరికి ఆ 900 కాస్తా 75కి పడిపోయి ఉంది. మా పాత హార్డ్ డిస్కే నయం, 110 ఇచ్చేది.

మా అవసరమేంటో ముందు చెప్పాలి. 4కెలో సెకనుకు 100 మెగాబిట్లతో తీస్తే గంట ఫుటేజ్ 45 జీబీ అవుతుంది. మూడు కెమెరాలూ కలిపి ఒక్కో పెళ్లికి తొమ్మిది, పది గంటలు వస్తుంది. ఆ పెళ్లిది 430 జీబీ. దాన్ని రాత్రికి రాత్రి డ్రైవ్‌లోకి ఎక్కించి, పొద్దున రైల్లో హైదరాబాద్ తీసుకుపోవాలి. ఫుటేజ్ రంగులు సరిదిద్దే మిత్రుడు అక్కడ మ్యాక్ మీద పని చేస్తాడు. హార్డ్ డిస్క్‌తో కాపీకే గంట పైన పట్టేది. అది కూడా ఏ ఆటంకమూ లేకపోతేనే.

మొదట అనుమానం కేబుల్ మీదికి పోయింది. దానికి కారణం ఉంది. అంతకు ముందు వారమే ఫోన్ ఛార్జర్ కేబుల్ తగిలించి, 40 ఎంబీ దాటకపోతే ఎన్‌క్లోజర్‌ను తిట్టుకున్నాను. టైప్-సి అయినంత మాత్రాన అన్నీ ఒకటి కావు. ఛార్జింగ్ కేబుళ్లలో చాలావాటికి లోపల యూఎస్‌బీ 2.0 తీగలే ఉంటాయి, సెకనుకు 480 మెగాబిట్లకు, అంటే 60 ఎంబీకి మించి పోవు (ఎనిమిది బిట్లయితే ఒక బైట్). ఈసారి మాత్రం ఎన్‌క్లోజర్‌తో వచ్చిన పొట్టి కేబులే పెట్టాను. పోర్టు చూశాను, అది కూడా 10 గిగాబిట్లదే. మిగిలింది వేడి. అల్యూమినియం డబ్బా చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. బావ దాన్ని స్టీలు పళ్లెంలో పెట్టి టేబుల్ ఫ్యాన్ తిప్పాడు. డబ్బా చల్లబడింది, 75 మాత్రం 75 దగ్గరే ఉంది.

మర్నాడు అదే ఫోల్డర్ మళ్లీ ఎక్కించాను. డ్రైవ్ సగం నిండి ఉన్నప్పుడు 120 జీబీ దగ్గర పడిపోయింది. మొత్తం తుడిచి, ఫార్మాట్ కొట్టి పెడితే 230 దగ్గర పడిపోయింది. వేడి వల్లయితే ఇంత లెక్కగా పడదు. అప్పుడు కూర్చుని డ్రైవ్ వివరాలు చదివాను. కొనే ముందు చదవాల్సింది అదే.

అది క్యూఎల్‌సీ డ్రైవ్. ఒక్కో సెల్‌లో, అంటే డేటా నిలిచే చిన్న గదిలో, నాలుగు బిట్లు కుక్కుతుంది. అలా కుక్కడం నెమ్మదైన పని. అందుకని ముందు ఖాళీ సెల్స్‌లో ఒక్కో బిట్ మాత్రమే గబగబా రాసేసి, తీరిక దొరికినప్పుడు నాలుగేసి చొప్పున సర్దుకుంటుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజన్‌లో వెళ్లినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. యార్డు ఖాళీగా ఉన్నంతసేపు బస్తాలు దిగుతూనే ఉంటాయి. యార్డు నిండిందా, లోపల బస్తా కదిలితేనే బయట బండి కదులుతుంది. ఇక్కడ యార్డంటే డ్రైవ్‌లో మిగిలిన ఖాళీలో నాలుగో వంతు. 500 జీబీ ఖాళీ ఉంటే 125, వెయ్యి ఉంటే 250. నేను చూసిన అంకెలు దాదాపు అవే.

అట్ట మీద పెద్దక్షరాల్లో వేసే వేగం యార్డు ఖాళీగా ఉన్నప్పటిది. టెస్ట్ సాఫ్ట్‌వేర్‌లదీ అదే తంతు. క్రిస్టల్ డిస్క్ మార్క్ మామూలుగా 1 జీబీ ఫైలుతో పరీక్షిస్తుంది. ఆఫీసు ఫైళ్లు దాచుకునేవాళ్లకు అది చాలు, వాళ్లు యార్డు చివరి దాకా ఎన్నడూ పోరు. నాకు కావాల్సింది మూడొందల జీబీ దాటాక ఎంత వేగం ఉంటుందన్నది. దాన్ని ఎవరూ అట్ట మీద వేయరు.

ఇంకో లోటు కూడా ఉంది. ఆ డ్రైవ్‌లో డీర్యామ్ అనే వేగమైన మెమరీ లేదు. ఏ డేటా ఎక్కడుందో రాసుకునే పట్టికను డ్రైవ్ తన డీర్యామ్‌లో పెట్టుకుంటుంది. అది లేనివి కంప్యూటర్ ర్యామ్‌లో కొంచెం చోటు అప్పు తీసుకుంటాయి. ల్యాప్‌టాప్ లోపల బిగిస్తే ఆ అప్పు పుడుతుంది. మామూలు యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెడితే డ్రైవ్‌నూ యూఎస్‌బీనీ కలుపుతూ మధ్యలో ఉన్న బ్రిడ్జ్ చిప్ దాన్ని దాటనివ్వదు. అంటే అదే డ్రైవ్ లోపల ఉంటే ఒకలా, బయట ఉంటే ఒకలా నడుస్తుంది.

ఆ గురువారం కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, పార్క్‌లేన్‌లో సీటీసీకి పోయాను. చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే ఎవరూ గుర్తుపట్టరు గానీ సీటీసీ అంటే చిన్నపిల్లాడు కూడా దారి చూపిస్తాడు. మొదటి షాపులో కుర్రాడు నా మాట పూర్తి కాకముందే జెన్ 4 (నాలుగో తరం) డ్రైవ్ ఒకటి బల్ల మీద పెట్టాడు.

"ఏడు వేల ఎంబీ స్పీడ్ అన్నా. దీనికి 20 గిగాబిట్ల డబ్బా తీస్కపో, ఇగ చూసుకునే పనుండదు."

"నా ల్యాప్‌టాప్ పోర్టు 10 గిగాబిట్లదే తమ్మీ."

"రేపు కొత్త ల్యాప్‌టాప్ కొనవా ఏంది?"

మాట బాగానే ఉంది. కానీ 20 గిగాబిట్ల డబ్బాలు వాడేది యూఎస్‌బీ 3.2 జెన్ 2x2 అనే పద్ధతి. మిత్రుడి మ్యాక్ దాన్ని పట్టించుకోదు, 10కే దిగిపోతుంది. నా పోర్టు కూడా అంతే. ఇటు నేనూ అటు మిత్రుడూ వాడుకోలేని వేగానికి డబ్బులెందుకు? యూఎస్‌బీ 4 డబ్బాల్లో 40 గిగాబిట్లవి ఉన్నాయి, మ్యాక్ వైపు అవి పనికొస్తాయి. కానీ కాపీ మొదలయ్యేది నా ల్యాప్‌టాప్‌లోనే. (ఈ పేర్లు పెట్టినవాళ్లకు ఒక దండం. 3.0 అన్నదాన్నే తర్వాత 3.1 జెన్ 1 అన్నారు, ఆపైన 3.2 జెన్ 1 అన్నారు. మూడూ అదే 5 గిగాబిట్లు. అందుకే నేను పేరు వదిలేసి గిగాబిట్లెన్నో అడుగుతాను.)

10 గిగాబిట్ల దారిలో ఎంత మంచి డ్రైవైనా సెకనుకు 1000 ఎంబీ చుట్టుపక్కలే ఆగుతుంది. అలాంటప్పుడు ఏడు వేల డ్రైవ్‌తో దక్కేది అదనపు వేడి, అదనపు కరెంటు వాడకమే. కరెంటు చాలకపోతే కాపీ మధ్యలో డ్రైవ్ మాయమవుతుంది కూడా. అందుకని పాత జెన్ 3 రకమే అడిగాను. సెల్‌కు మూడు బిట్ల టీఎల్‌సీ కావాలి, సొంత డీర్యామ్ ఉండాలి. మూడో షాపులో శాంసంగ్ 970 ఈవో ప్లస్ 1 టీబీ దొరికింది. దాని మీద మొత్తం 600 టీబీ దాకా రాసుకోవచ్చని కంపెనీ హామీ. ఏడాదికి యాభై పెళ్లిళ్లు వేసుకున్నా 22 టీబీ దాటదు. ఆ లెక్కన దానికన్నా ముందు నా వెన్నెముక అరిగిపోతుంది.

ఎన్‌క్లోజర్ దగ్గరే ఎక్కువసేపు పట్టింది. లోపల ఏ చిప్ ఉందంటే షాపుల్లో "బ్రాండెడ్ అన్నా" అంటారు తప్ప చెప్పరు. అట్ట వెనక సన్నక్షరాల్లో రియల్‌టెక్ 9210బి అని ఉన్నది ఒకటి దొరికే దాకా తిరిగాను. సన్నటి పలకలా ఉండే ఎం.2 డ్రైవ్‌లలో వేగమైన ఎన్‌వీఎంఈ రకాన్నీ, పాత సాటా రకాన్నీ ఆ చిప్ తీసుకుంటుంది.

ఇంటికొచ్చి బిగించాను. స్క్రూ లేదు, చిన్న రబ్బరు బుడిపెతో నొక్కి పెట్టడమే. డ్రైవ్ మీద వేడిని డబ్బాకు చేర్చే థర్మల్ ప్యాడ్ అంటించి, మూత జరిపి, కాపీ పెట్టాను. పది నిమిషాలైనా పైన అల్యూమినియం చల్లగానే ఉంది. "మంచి డ్రైవ్ అంటే గిట్లుండాలె" అని బావ మెచ్చుకున్నాడు. నాకెందుకో తేడా కొట్టింది. లోపల పని జరుగుతుంటే వేడి బయటికి రావాలి కదా. మూత తీస్తే ప్యాడ్ పైవైపు నీలం రంగు పల్చటి కాగితం అలాగే ఉంది. గోటితో ఒక మూల లేపి లాగేశాను. ప్యాడ్ అప్పుడే ఆరుతున్న జిగురులా వేలికి అంటుకుంది. మళ్లీ మూత పెడితే ఐదు నిమిషాల్లో డబ్బా వెచ్చబడింది. డబ్బా చల్లగా ఉండటం శుభమేమీ కాదు.

అన్నట్టు, కొత్త డ్రైవ్ తగిలించగానే విండోస్‌లో కనిపించదు. మొదటిసారి గుండె ఆగినంత పనవుతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి పోయి ఇనిషియలైజ్ చేయాలి, అంటే వాడకానికి సిద్ధం చేయాలి. ఫార్మాట్ ఎక్స్‌ఫ్యాట్ పెట్టాను, ఎందుకంటే ఎన్‌టీఎఫ్‌ఎస్ పెడితే మ్యాక్ చదువుతుంది గానీ మామూలుగా రాయదు. ఎక్స్‌ఫ్యాట్‌కు జర్నల్ (ఏం మారుస్తోందో ముందే రాసిపెట్టుకునే చిట్టా) ఉండదు, రాస్తుండగా కేబుల్ ఊడితే ఫైళ్లు పోయే ప్రమాదం ఎక్కువ. అందుకే ఎజెక్ట్ కొట్టకుండా పీకొద్దని బావకు ఒట్టు వేయించాను.

తర్వాత అదే 430 జీబీ ఫోల్డర్ పెట్టాను. 100 దాటింది, 200 దాటింది. బావ ఛాయ్ తెస్తానంటే ఆగమన్నాను. మూడొందల దగ్గర కళ్లు ఆర్పకుండా చూశాం. 850 దగ్గరే ఉంది. తొమ్మిది నిమిషాల లోపే అయిపోయింది.

పాత పెళ్లిళ్లను మాత్రం ఇప్పటికీ హార్డ్ డిస్కుల్లోనే దాస్తున్నాం, రెండేసి కాపీలు. ఎస్‌ఎస్‌డీని కరెంటు లేకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడేస్తే సెల్స్‌లో ఛార్జ్ మెల్లగా కారిపోతుంది. ఎవరి తలంబ్రాలో అలా పోతే ఏం సమాధానం చెప్తాం?

ఆ క్యూఎల్‌సీ డ్రైవ్‌ను చెల్లెలి ల్యాప్‌టాప్ లోపల బిగించాను. అందులో ఎక్సెల్ ఫైళ్లు, పిల్లల ఫొటోలు తప్ప ఏమీ ఉండవు. వారం తర్వాత ఫోన్ చేసింది. "ఇట్ల నొక్కితే అట్ల ఆన్ అయితుంది అన్నా. ఇంత మంచిదాన్ని నువ్వెందుకు తీసేసినవ్?"