కాగితం కదిలిందా?

మొన్న ఆదివారం బెజవాడ నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది, అక్కా నేను అమెరికాలో టెసోల్ చేద్దామనుకుంటున్నా, అంటే ఇంట్లో వేరే భాష మాట్లాడే స్కూలు పిల్లలకి ఇంగ్లీష్ చెప్పే మాస్టర్స్, నువ్వూ హైదరాబాద్‌లో అలాంటిదేదో చేశావుగా, చెయ్యమంటావా వద్దంటావా ఒక్క మాటలో చెప్పు అని. పొయ్యి మీద కుక్కర్ మూడో విజిల్ వేస్తోంది, ఒక్క మాటలో తేలేది కాదులేవే, రాత్రికి నేనే చేస్తా అని పెట్టేశా. రాత్రి గంటన్నర మాట్లాడా పాపం దానితో. అదే ఇక్కడ రాస్తున్నా, ఇంకెవరికైనా పనికొస్తుందేమోనని.

నేను గుంటూరులో గవర్నమెంట్ హైస్కూల్లో ఇంగ్లీష్ స్కూల్ అసిస్టెంట్‌ని. బీఈడీలో ఇంగ్లీష్ మెథడాలజీ చేసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, మేం అందులో బాగా నేర్చుకున్నది లెసన్ ప్లాన్ రికార్డు సీనియర్ల దగ్గర తెచ్చుకుని నీట్‌గా ఎక్కించుకోవడం, చార్టులకి స్కెచ్ పెన్ను బోర్డర్ గీయడం. నలభై మంది కళ్ళప్పగించి చూస్తుంటే నోట్లోంచి ఏం రావాలో రికార్డులో ఉండదు. ఉద్యోగంలో చేరిన కొన్నేళ్ళకి ఇక లాభం లేదని హైదరాబాద్ ఇఫ్లూలో, అంటే ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో, పీజీడీటీఈ అని ఇంగ్లీష్ బోధించడం మీద పీజీ డిప్లొమా డిస్టెన్స్‌లో కట్టా. పాతవాళ్ళు సీఫెల్ అంటారే అదే, 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ అని మొదలుపెట్టారు, 1972లో సీఫెల్ అయ్యింది, 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయ్యి ఇఫ్లూ అయ్యింది. కాంటాక్ట్ క్లాసులకి గుంటూరులో గోల్కొండ ఎక్కడం, సికింద్రాబాద్‌లో దిగి తార్నాక ఆటో మాట్లాడుకోవడం, పులిహోర డబ్బా రైల్లోనే ఖాళీ అయిపోవడం.

మొదటి రోజు ఫొనెటిక్స్ క్లాసు, అంటే శబ్దాలు నోట్లో ఎలా పుడతాయో చెప్పేది. సారు అందర్నీ నోట్‌బుక్‌లోంచి సన్నగా ఒక కాగితం ముక్క చింపుకుని పెదాల ముందు వేలాడదీసుకోమన్నారు. పెన్ అనండి అన్నారు. అన్నాం. నలభై కాగితాల్లో ఒక్కటీ కదల్లేదు, పదేళ్ళు ఇరవయ్యేళ్ళు సర్వీసున్న ఇంగ్లీష్ టీచర్లం అందరం. ఆయన అదే మాట మామూలుగా అన్నారు, కాగితం ఎగిరి ఆయన ముక్కుకి తగిలింది. ఇంగ్లీష్‌లో మాట మొదట్లో ప, ట, క లాంటివి వస్తే వాటి వెనకాల కాస్త గాలి వస్తుంది, అదే స్పిన్ అంటే ఎస్ తర్వాత వచ్చిన పి కి ఆ గాలి ఉండదు. మన అక్షరమాలలో ఒత్తు ఫ ఉన్నదే ఆ గాలి కోసం, కాకపోతే మనం దాన్ని ఎఫ్ లాగా పలికి చాలా కాలమైంది. ఆ రాత్రి హాస్టల్ రూములో నేనూ ఒంగోలు నుంచి వచ్చిన ఇంకో మేడమూ కాగితాలు పట్టుకుని ప ప ప అంటూ కూర్చున్నాం, పక్క రూమువాళ్ళు ఏమనుకున్నారో.

దాని వల్ల నాకేం దొరసాని యాస రాలేదు, రావాలని కూడా లేదు. కానీ క్లాసులో పిల్లలు తప్పు మాట్లాడినప్పుడు నేను వినే తీరు మారిపోయింది. వాళ్ళ నోట్లో అప్పటికే ఒక భాష కాపురం ఉంటోంది కదా, కొత్తగా వచ్చింది దాని పద్ధతులకి సర్దుకోవాలి. మన పిల్లలు ఎగ్‌ని యెగ్ అంటారు, ఓన్లీని వోన్లీ అంటారు, బస్ దగ్గర ఆగలేక బస్సు అంటారు, ఎందుకంటే తెలుగు మాట చివర్న అచ్చు మీద కూర్చుంటే గానీ దానికి తోచదు. "టీచర్, హీ కేమ్ ఆ?" అని అడుగుతారు, వచ్చాడా లో చివర దీర్ఘం ఉందే అది తెచ్చి తగిలించారన్నమాట. "టు మీ ఫీవర్ టీచర్" అన్న పిల్లని పాత నేనైతే బెంచీ ఎక్కించేదాన్ని. నాకు జ్వరం అన్నప్పుడు అందులో క్రియ ఎక్కడుంది చెప్పండి? ఆ పిల్ల తెలుగుని తూచా తప్పకుండా ఇంగ్లీష్‌లో పెట్టింది, అంతే.

ఏడో తరగతిలో లాలాపేట వైపు నుంచి వచ్చే ఒక పాప ఉండేది. ఇంట్లో ఉర్దూ, తెలుగు అంతంత మాత్రం, అందుకని అసలు నోరు విప్పేది కాదు. ఒకరోజు జూ, జీబ్రా, జీరో చెబుతున్నా, క్లాసంతా మన జామకాయ జ తోనే పలుకుతోంది, తేనెటీగ శబ్దం రావాలర్రా అని నేను బుర్ర బాదుకుంటున్నా. ఉర్దూలో ఆ శబ్దం ఉంటుందని అప్పుడు గుర్తొచ్చి, ఇంట్లో నమాజ్ అని ఎలా అంటావమ్మా ఒకసారి అను అన్నా. అంది. చివర్న ఆ జ్ సన్నగా జుమ్మని మోగింది. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆ వారమంతా జెడ్ మాటలకి అదే టీచరు, ఒక్కొక్కళ్ళ బెంచీ దగ్గరికీ వెళ్ళి నీది తప్పు మళ్ళీ అను అని గదమాయించడమే, నా కంటే స్ట్రిక్టు.

అందరి కథా ఇలా అవ్వదు లెండి. ఒడిశా నుంచి ఇటుక బట్టీ పనికి వచ్చినవాళ్ళ పిల్లాడొకడు ఆరో తరగతిలో చేరాడు. రెండు నెలలు మాటే లేదు. స్టాఫ్‌రూములో మూగాడేమో అన్నారు. కొత్త భాష ఎలా వస్తుందో పరిశోధించిన క్రాషెన్ అనే ఆయన సైలెంట్ పీరియడ్ అని చెప్తాడు, కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్నాళ్ళు వింటూ ఉండిపోతారు, లోపల పని జరుగుతూనే ఉంటుంది, తొందరపెట్టి మాట్లాడించొద్దని. పరీక్షలో ఆ పాయింటుకి మార్కులు తెచ్చుకున్నదాన్ని, తీరా ఎదురుగా వాడు కూర్చుంటే నాకూ ఓపిక ఉండేది కాదు. మా పుస్తకాల్లో ఎదురెదురు పేజీల్లో ఇంగ్లీషూ తెలుగూ ఉంటాయి కదా, వాడికి రెండూ ఒకటే. వాళ్ళక్కని అడిగి నాలుగు ఒడియా మాటలు రాసుకున్నా. బహి అంటే పుస్తకం, బహిటి అంటే ఆ ఫలానా పుస్తకం. అరె, ఇది ఇంగ్లీష్‌లో మాట ముందు పెట్టే "ది" (the) కదా! తెలుగులో లేక మనం చచ్చేది దీనికే, నాకే ఇప్పటికీ ఎక్కడ పెట్టాలో అనుమానం వస్తుంది, వాడి భాషలో మాట చివర్న తోకలాగా రెడీగా ఉంది. బోర్డు మీద ది బుక్ అని రాసి బహిటి అన్నా. నవ్వాడు, బహిటి కాదు అన్నట్టు తలూపి వాడి పద్ధతిలో పలికి చూపించాడు. అదే వాడు నాతో మాట్లాడిన మొదటి మాట. బట్టీ సీజన్ అయిపోగానే వెళ్ళిపోయారు, ఏ స్కూల్లో ఉన్నాడో.

చెల్లికి ఎక్కువ చెప్పింది మాత్రం ప్రభు గారి గురించి. ఇంగ్లీష్ ఎలా చెప్పాలో పరిశోధించిన ఎన్.ఎస్. ప్రభు, 1979 నుంచి 1984 దాకా బెంగళూరు ప్రాజెక్టు అని మన దక్షిణాది మామూలు స్కూళ్ళలోనే చేశారు. గ్రామర్ రూల్సు వల్లె వేయించకుండా రైలు టైమ్‌టేబుల్, మ్యాపు లాంటివి ఇచ్చి బుర్ర పెట్టాల్సిన పని చెప్తే, ఆ పని మీద ధ్యాస ఉన్నప్పుడు భాష వచ్చి చేరుతుందని ఆయన నమ్మకం. ఇవాళ అమెరికాలో టాస్క్ టాస్క్ అని చెప్పే కోర్సుల్లో ఆయన పేరు వస్తుంటుంది, మన బీఈడీలో నేనైతే వినలేదు.

నేను దాన్ని మిరపకాయల మీద చేశా. డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ పాఠం, ఎనిమిదో తరగతి. తేజ, 334, బ్యాడిగి మూడు రకాలు మూడు కవర్లలో పట్టుకెళ్ళి బల్ల మీద పోసి, వీటి గురించి ఇంగ్లీష్‌లోనే మాట్లాడుకుని ఏ కూరకి ఏది కొనాలో తేల్చండి అన్నా. మిర్చి యార్డులో హమాలీ చేసే ఆయన కొడుకు ఒకడున్నాడు, ఎప్పుడూ లాస్ట్ బెంచి, ఎటెండెన్స్‌కి తప్ప గొంతెత్తడు. వాడు లేచి వచ్చి ఒక కాయ విరిచి వాసన చూసి, "తేజ మోర్ హాటర్ టీచర్. బ్యాడిగి గుడ్ కలర్, బట్ లెస్ కారం" అన్నాడు. ఇంకొకడు కాదన్నాడు, వీడు ఊరుకోలేదు, టిక్కీ, అంటే మిర్చి బస్తా, ఎంత పలికిందో మా నాన్న చెప్పాడంటూ సగం తెలుగు సగం ఇంగ్లీష్‌లో వాదన. ఒక పిల్ల రుజువు కోసం తేజ కొరికింది, తర్వాత పావుగంట నీళ్ళ సీసాల చుట్టూ జరిగింది పాఠం. మోర్ హాటర్‌ని ఆ రోజు దిద్దలేదు. ఇప్పటికీ అలాగే అంటాడు, చూద్దాం.

పుస్తకాల్లో ఉన్నవన్నీ మనకి అతకవు, అదీ చెప్పా. కమిన్స్ అని కెనడా ఆయన ఒక తేడా చూపించాడు, మాట్లాడే ఇంగ్లీష్ రెండేళ్ళలో వచ్చేస్తుంది, సైన్సు పాఠం చదివి అర్థం చేసుకునే ఇంగ్లీష్‌కి ఐదేళ్ళో ఏడేళ్ళో పడుతుందని. అక్కడ పిల్లాడికి బయట రోడ్డు మీద కూడా ఇంగ్లీషే. మా పిల్లలకి నా పీరియడ్ బెల్లు కొడితే ఇంగ్లీష్ అయిపోయినట్టే. ఆ లెక్క ఇక్కడికి తెచ్చి అతికించేవాళ్ళని చూస్తే నాకు మంట. ఒక ట్రైనింగ్‌లో ఐదు రోజులు పీపీటీ చదివి వినిపించారు, చివరి రోజు గ్రూప్ ఫోటో బాగా వచ్చింది.

ఇక అమెరికా సంగతి. అక్కడ ఈ చదువుకి గిరాకీ రావడానికి ఒక కోర్టు తీర్పు పెద్ద కారణం, 1974లో లావ్ వర్సెస్ నికోల్స్. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీష్ రాని దాదాపు 1,800 మంది చైనా మూలాలున్న పిల్లలకి విడిగా ఏ సాయమూ చెయ్యలేదు. అందరికీ అవే పుస్తకాలు, అదే టీచరు ఇచ్చాం కదా అంటే సమానంగా చూసినట్టు కాదు, అర్థమే కాని పిల్లకి ఆ చదువు లేనట్టే అంది సుప్రీంకోర్టు. ఇది చెబుతుంటే నాకు ఆ ఒడియా పిల్లాడే కళ్ళ ముందు మెదిలాడు.

కాబట్టి వెళ్తే వెళ్ళు, కానీ టెసోల్ డిగ్రీ వేరు, పబ్లిక్ స్కూల్లో చెప్పడానికి స్టేట్ ఇచ్చే టీచర్ లైసెన్సు వేరు. చాలా కోర్సులు పెద్దవాళ్ళకీ కాలేజీ వాళ్ళకీ చెప్పడానికి తయారుచేస్తాయి, నీకు స్కూలు పిల్లలు కావాలంటే కె-12, అంటే కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో తరగతి దాకా చెప్పే లైసెన్సుతో కలిపి ఉన్నది, స్కూల్లో స్టూడెంట్ టీచింగ్ చేయించేది చూసుకో. అప్లికేషన్ ఫీజు కట్టకముందే మెయిల్ పెట్టి అడుగు. ఇంకోటి, ఇది మామూలుగా స్టెమ్ కిందకి, అంటే సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల కిందకి రాదు, చదువయ్యాక అక్కడ పని చేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలే, మీ అన్నయ్య కంప్యూటర్స్ చేసి ఉండిపోయాడు కదా అని ఆ లెక్కలో లోను పెట్టకు.

చివర్లో కాగితం పరీక్ష చేసి వీడియో పంపించమన్నా. పావుగంటకి వచ్చింది వాట్సాప్‌లో. మా చెల్లి ముక్కు ముందు క్యాలెండర్ కాగితం ముక్క, పెన్, పెన్, పెన్. కాగితం కదల్లేదు. వెనకాల నుంచి మా పిన్ని గొంతు, "దీపం ముందు నిలబడి ఏంటే ఆ ఊదడం, ఆరిపోతుంది!"