ఆ సీసాల్లో జన్యువుల్ని ఎవరూ ముట్టుకోలేదు

‘బ్రేవ్ న్యూ వరల్డ్’ చదివినవాళ్లు తరచూ అనే మాట: “జీన్ ఎడిటింగ్‌ని ఎంత ముందే ఊహించాడండీ!” ఊహించలేదు. ఆల్డస్ హక్స్‌లీ నవల వచ్చింది 1932లో, డీఎన్‌ఏ మెలికల నిచ్చెన రూపం తేలింది 1953లో. పుస్తకంలో ఒక్క అండానికి మొగ్గలు తొడిగించి గరిష్ఠంగా 96 మందిని తీస్తారు. సీసాల్లో పెరిగే కింది తరగతుల పిండాలకు ఆక్సిజన్ తగ్గిస్తారు, ఆల్కహాల్ కలుపుతారు. నాకైతే అదే ఎక్కువ భయం. దానికి పెద్ద సైన్సేమీ అక్కర్లేదు కదా!

ఇంకో స్పందన: “రేపు ఎత్తు, తెలివి ఆర్డరిచ్చి పిల్లల్ని కంటారు.” ఎత్తు ఒక్కదాని వెనకే వేల జన్యు తేడాలున్నాయి, ఒక్కోదాని ప్రభావం పిసరంత. పైగా పిండకణాల విభజన మొదలయ్యాక క్రిస్పర్ (జన్యువుల్ని కత్తిరించి మార్చే జీన్ ఎడిటింగ్ పద్ధతి) కోత పడితే కొన్ని కణాలు మారతాయి, కొన్ని మారవు. ఒళ్లంతా అతుకుల బొంత. గురి తప్పి వేరేచోట తెగడం మరో తలనొప్పి. 2018లో చైనాలో పిండదశలోనే సీసీఆర్5 అనే జన్యువు మార్చిన కవలలపై నిపుణుల అభ్యంతరాల్లో ఈ రెండూ ఉన్నాయి.

2023లో అనుమతి పొందిన సికిల్ సెల్ అనే రక్తవ్యాధి క్రిస్పర్ చికిత్స వేరు. అది రోగి రక్త మూలకణాలనే మారుస్తుంది, ఆ మార్పు పిల్లలకు దిగదు. నవల మీద వాదనల్లో మాత్రం పిండాల్ని మార్చడాన్నీ, ఈ చికిత్సనీ ఒకే గాటన కట్టేస్తారు.