గేటు నుంచి గడప దాకా ఆరు బస్తాలు

హనుమకొండలో మా ఇల్లు నల్లరేగడి నేలలో ఉంది. వాన పడితే గేటు నుంచి గడప దాకా ముప్పై అడుగులూ చెప్పులు ఊడబీకే బురదే. పోయిన వానాకాలం అమ్మ రెండుసార్లు జారింది. అక్కడ కాంక్రీటు దారి పోయిద్దామంటే ఇంత చిన్న పనికి ఏ సుతారి మేస్త్రీ రాలేదు. సంక్రాంతి వెళ్లాక నేను, మా బామ్మర్ది కలిసి మొదలుపెట్టాం.

నడుం విరిగింది తవ్వకంలోనే. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దాని మీదే కాంక్రీటు పోస్తే అదీ పగులుతుంది. అందుకని ఏడు అంగుళాలు తవ్వి, నాలుగు అంగుళాలు మొరం పోసి, రెండు పొరలుగా నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టాం. దానిమీద నాలుగు అంగుళాల కాంక్రీటు పడితే దారి నేల కంటే అంగుళం పైకి ఉంటుంది. రెండు రోజులు దిమ్మిస కొట్టిన బామ్మర్ది మూడో రోజు పొద్దున ఫోన్ ఎత్తలేదు.

సెంట్రింగ్ చెక్కలు బిగించి, మూడడుగుల వెడల్పుకు నీరు జారిపోయేలా ముప్పావు అంగుళం వాటం పూలమొక్కల వైపు ఇచ్చాం. ఐదడుగులకు ఒకటి చొప్పున ఆరు గళ్లు. ఒకటి, మూడు, ఐదు ముందు రోజు, మిగతావి మర్నాడు. అతుకులు వాటంతటవే వస్తాయి, పగులు వచ్చినా అక్కడే వస్తుంది.

లెక్క సులువుగానే కుదిరింది, గడికి ఒక బస్తా సిమెంటు. ఖాళీ నూనె డబ్బాతో నాలుగు డబ్బాల దొడ్డు ఇసుక, ఎనిమిది డబ్బాల ఇరవై ఎంఎం కంకర. రేకు మీద పొడిగా రంగు ఒకటయ్యేదాకా తిప్పి, తర్వాత నీళ్లు.

ఆ నీళ్ల దగ్గరే నేను దెబ్బతిన్నా. పార బరువుగా తిరుగుతోందని మొదటి గడికి బకెట్లకు బకెట్లు పోశాను. మెత్తగా, హాయిగా పరుచుకుంది. గోడ అవతల నుంచి చూస్తున్న పెద్దాయన, ఒకప్పటి సుతారి, ఉండబట్టలేక వచ్చాడు.

"తమ్మీ, పప్పుచారు చేస్తున్నవా? నీళ్లు ఎక్కువైతే పని అల్కగ అయితది, రాయి కూడ అల్కగ పలుగుతది."

"మరి ఎన్ని పొయ్యాలె కాకా?"

"ముద్ద చేతుల పట్టి ఒత్తితే నిలవాలె. బస్తాకు పాతిక లీటర్లు, ఇంకో రెండు మూడు. గంతే."

ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. పోశాక పైకి నీరు ఊరుతుంది, అది ఆరేదాకా తాపీ పెట్టొద్దు, పొడి సిమెంటు చల్లొద్దు. ఆ గంటన్నర కూర్చోవడం ఎంత టెన్షనో! గట్టిపడిపోతుందేమోనని నాలుగుసార్లు వేలితో నొక్కి చూశాను. చివరికి తాపీతో సాపు చేసి, చీపురుతో అడ్డంగా గీతలు లాగాం. అమ్మ జారకూడదు కదా. గ్లౌజులు లేకుండా చేసినందుకు మాత్రం వేళ్లు పగిలి వారం పాటు కొబ్బరినూనె రాసుకున్నా.

బస్తా మీద పీపీసీ అని ఉంది, అంటే బూడిద కలిపిన, నిదానంగా గట్టిపడే సిమెంటు, కాబట్టి గోనె సంచులు కప్పి పది రోజులు తడిపాం. ఆ పని అమ్మే తీసుకుంది, పూలమొక్కలతో పాటే దానికీ పొద్దున సాయంత్రం నీళ్లు.

ఐదు గళ్లు రాయిలా ఉన్నాయి. గేటు దగ్గరి మొదటిది మాత్రం ఊడ్చినప్పుడల్లా సున్నంలా పొడి రాలుస్తోంది. వానలు పడేలోపు దాన్ని పగలగొట్టి మళ్లీ పోయాలి. ఇంకో బస్తా తెచ్చిపెట్టాను, బామ్మర్దికి ఇంకా చెప్పలేదు.