రోవర్ దారిలో మూడు ఆదివారాలు

ఒక పాత సినిమాలోని కుక్క పరుగును మా సందులో మళ్లీ తీసి చూద్దామనుకున్నాను. మొదటి ఆదివారం కెమెరా ముట్టుకోలేదు. 1905లో ఇంగ్లాండులోని వాల్టన్-ఆన్-థేమ్స్‌లో సెసిల్ హెప్‌వర్త్ కంపెనీ తీసిన ‘రెస్క్యూడ్ బై రోవర్’ అనే మూకీ సినిమాను ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ చూసి, షాట్లన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కించాను. కథ చిన్నది. ముష్టి ముసలామె పసిపాపను ఎత్తుకుపోతుంది. ఇంటి కుక్క రోవర్ కిటికీలోంచి దూకి, వీధి వెంట పరుగెత్తి, ఏరు ఈది, పేదల ఇళ్ల వరసలో ఒక్కో తలుపూ చూసుకుంటూ పాపను కనిపెడుతుంది. అదే దారిన తిరిగొచ్చి యజమానిని వెంటబెట్టుకెళ్తుంది.

డైరెక్షన్ లెవిన్ ఫిట్జ్‌హామన్‌ది. తండ్రి వేషం హెప్‌వర్త్‌ది. తల్లి వేషం ఆయన భార్యది, కథ రాసిందీ ఆవిడే. పాప వాళ్ల కూతురు, కుక్క వాళ్లింటి కుక్క బ్లెయిర్. ఖర్చు 7 పౌండ్ల 13 షిల్లింగుల 9 పెన్నీలు. ఇంట్లోవాళ్లను పెట్టి షార్ట్ ఫిల్మ్ తీసే మనందరికీ ఆయన పెద్దన్న! ప్రింట్లు 395 దాకా అమ్ముడయ్యాయి. నెగెటివ్ అరిగిపోతే మళ్లీ మొదట్నుంచీ తీశారు, అలా రెండుసార్లు.

రెండో ఆదివారం మొత్తం బూడిదలో పోసిన పన్నీరు. పక్కింటి కుక్క టామీ, పార్లే-జీ ప్యాకెట్, ట్రైపాడ్ పట్టుకుని మా సందులోకి దిగాను. కుక్క వెళ్లే షాట్లన్నీ పొద్దున, తిరిగొచ్చేవి సాయంత్రం తీశాను. ఎడిటింగ్‌లో చూస్తే నీడలు అటువి ఇటు తిరిగాయి. పైగా ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుతురు) లాక్ చెయ్యలేదు, టామీ నల్లగా ఉంటుంది కదా, అది దగ్గరికొచ్చినప్పుడల్లా గోడ తెల్లబోయింది.

మళ్లీ నోట్‌బుక్ తీశాను. వీధి, ఏటి గట్టు, ఇళ్ల వరస... ప్రతి చోటూ సినిమాలో రెండుమూడు సార్లు వస్తుంది, కెమెరా మాత్రం అదే చోట ఉంటుంది. వెళ్లేటప్పుడు కుక్క మనవైపు పరుగెత్తుకొస్తుంది, ఇంటికి తిరిగెళ్లేటప్పుడు మనకు వీపు చూపించి పోతుంది. తెరమీద అక్షరాలు చూపించే టైటిల్ కార్డు ఒక్కటీ లేకుండానే అది పోతోందో వస్తోందో తెలిసిపోతుంది. మూడోసారి, యజమాని వెనకాల వస్తుంటే, ఆ మలుపు మనకెప్పుడో అలవాటైపోయింది. నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా నచ్చిందిదే.

మూడో ఆదివారం పద్ధతి మార్చాను. ఒక చోట ట్రైపాడ్ పెడితే మూడు పరుగులూ అక్కడే, పావుగంటలో. ట్రైపాడ్ కాళ్ల చోట నేలమీద సుద్దముక్కతో గుర్తు. ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్. బిస్కెట్ నా చెల్లెలి చేతిలో: టామీ రావాలంటే ఆమె కెమెరా వెనక, పోవాలంటే సందు చివర. నాలుగు చోట్లకి గంటన్నర పట్టింది. సెకనుకి 24 ఫ్రేముల చొప్పున తీసి, ప్రతి మూడింట్లో ఒక ఫ్రేము తీసేసి పాత మూకీల్లా 16కి దించాను. 35 ఎం.ఎం. ఫిల్ము అడుగుకి 16 ఫ్రేములు కాబట్టి ఆ వేగంలో అడుగంటే సెకను. హెప్‌వర్త్ 1903లో పెర్సీ స్టోతో కలిసి తీసి, తనే కప్ప సేవకుడి వేషం కట్టిన ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ 800 అడుగులు, అంటే పదమూడు నిమిషాల పైచిలుకు. నాది ఇప్పటికి 70 అడుగులు!

ఫైళ్లు రెండు చోట్ల దాచాను. 1924లో హెప్‌వర్త్ కంపెనీ దివాలా తీశాక ఆయన సినిమాల నెగెటివ్‌లు అమ్ముడుపోయి కరిగిపోయాయి. అది చదివిన రాత్రే రెండో హార్డ్ డిస్క్ ఆర్డర్ పెట్టాను.

ఇక మిగిలింది ఏరు. బ్లెయిర్ ఈదింది. టామీ మాత్రం పంటకాలువ గట్టున కూర్చుని, మిగతా ప్యాకెట్ కోసం నా వంక చూస్తోంది.