అజెండాలో ‘అనాథ’ అని పడింది

మేం కట్టుకోబోయే ఇళ్లకి స్థలం లీజుకిస్తూ మొన్న మున్సిపల్ కౌన్సిల్లో తీర్మానం పాసైంది. ఒళ్లు మంట చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది విజయనగరం జిల్లాలో ఒక మున్సిపాలిటీ. ఏదని అడగొద్దు, రేపు మళ్లీ అదే ఆఫీసు గుమ్మం తొక్కాలి. మేం పదకొండు మంది పెన్షనర్లం. పిల్లలు హైదరాబాదులో, బెంగళూరులో ఉన్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఉద్దానంలో ఉన్న మా వియ్యంకుడికి మూడు రోజులు ఫోన్ కలవలేదు. వాకిట్లో కొబ్బరిచెట్టు అడ్డంగా పడి, దంపతులిద్దరూ ఇంట్లోనే ఉండిపోయారట. ఆ మాట విన్నప్పుడే అనుకున్నాం, అందరం ఒకచోట ఉందామని. ఇరవై నాలుగు చిన్న ఇళ్లు. ఎవరి వంటగది వాళ్లది, ఎవరి తాళం వాళ్లది. ఖాళీగా పడున్న మున్సిపల్ స్థలం లీజుకిమ్మని అర్జీ పెట్టాం. అద్దె మేమే కడతాం.

సర్వేయరు కొలతలు, టౌన్ ప్లానింగ్ రిపోర్టు సాఫీగానే అయ్యాయి. అందినట్టు ఆఫీసు వేసే ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోకుండా మాత్రం కాగితం ఇవ్వకండి. సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్ఎస్‌లో పెట్టమన్నారు ఒకరు. నేను వెళ్లలేదు. ఫైలు కదులుతుందేమో గానీ, క్లర్కు మొహం మాడిపోతుంది.

కౌన్సిల్ మీటింగు రోజు ఇస్త్రీ బట్టలేసుకుని వెళ్లి వెనక బెంచీల్లో కూర్చున్నాం. మా అంశం రాగానే చదివారు: “అనాథ వృద్ధాశ్రమమునకు స్థలము లీజుకిచ్చు విషయం.” మా అర్జీలో ఆ మాటే లేదు. టైపు చేసినాయన సొంతంగా కలిపేశాడు.

ఇక చూడాలి. “ఊరి మద్దిన ముసిలోల ఆశ్రమం ఏటండి? రోజుకో శవం లేస్తాది” అన్నాడొక సభ్యుడు. పక్కన ఫ్లాట్ల రేటు పడిపోతుందని ఇంకొకాయన. “కన్న పిల్లలు కూడెట్టనేదేటి ఈలకి?” అని మూడో ఆయన. హాలంతా నవ్వు. ఆ మూడో ఆయన నా దగ్గర ఎనిమిదో తరగతి చదివాడు. లెక్కల్లో 35 మార్కులు నేను దయతలచి వేసినవే. లేచి నిలబడ్డాను. బయటివాళ్లు మాట్లాడకూడదు, కూర్చోమన్నారు. కూర్చున్నాను. పక్కన మా హెడ్మాస్టారు కళ్లజోడు తీసి తుడుస్తూనే ఉన్నారు, అద్దాలకి ఏమీ అంటకపోయినా. అంశం వాయిదా.

మర్నాడు క్లర్కు దగ్గరికి 2007 నాటి వయోవృద్ధుల చట్టం ప్రింటు పట్టుకెళ్లాను. 19వ సెక్షన్ చూపించాను: నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకి కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మందికి సరిపడా, ప్రభుత్వం పెట్టేది అది, మాది పెన్షను డబ్బుతో అద్దెకుండే ఇళ్లు, రెండూ వేరు నాయనా అన్నాను. అంతా విని, “అయితే మీరు అనాథలు కారు, అంతే కదా మాస్టారూ?” అన్నాడు.

అందుకే చెబుతున్నా, మీటింగుకి ముందే ఏ కౌన్సిలర్ దగ్గరో అజెండా కాపీ అడిగి చదవండి. మీ అర్జీ మీరు రాసినట్టే వచ్చిందనుకోకండి. నలభై ఏళ్లు పిల్లల కాపీలు దిద్దినవాణ్ణి, ఆ ఒక్క కాగితమే దిద్దలేదు.

రెండో మీటింగులో రెండు నిమిషాలు పట్టలేదు. అంబులెన్సు తిరిగేంత దారి వదలాలని షరతు పెట్టి ఓకే అన్నారు. నా శిష్యుడు తలెత్తలేదు. ఇంకా ప్రభుత్వం అనుమతి రావాలి, అది వేరే యాత్ర.

తీర్మానం కాపీ చేతికొచ్చింది. మళ్లీ టైపు చేయడానికి బద్ధకించి, ‘అనాథ’ మీద ఎర్ర సిరాతో గీత కొట్టి పక్కన పొట్టి సంతకం పెట్టారు. దాన్ని అలాగే లామినేషన్ చేయించాను.